సమాధానం: మొదటి ఏడాదే దిగుబడి పడిపోతే సేంద్రియం మానేయాలా?

తమ్ముడూ, మూడెకరాల వరికి యూరియా, డీఏపీ ఒక్కసారిగా ఆపేస్తే దిగుబడి బాగా పడిపోయిందని, నాన్నగారు మళ్లీ పాత పద్ధతికే పోదామంటున్నారని రాశావు. ఆయన మాట కొట్టిపారేయకు, ఇల్లు గడవాలి కదా. ఈసారి అరెకరం మాత్రమే పూర్తిగా సేంద్రియంలో ఉంచు, అదీ ఇంటి తిండిగింజలకు. మిగతా పొలంలో యూరియాను ఏటా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రా.

ఆ అరెకరం మాత్రం ఎగువ మడి అయి ఉండాలి. మేం తెలియక దిగువ మడి ఎంచుకున్నాం. పక్కాయన మందు కొట్టినప్పుడల్లా ఆ నీళ్లు గట్టు తూము గుండా మా మడిలోకే దిగేవి. ఏడాది కష్టం వృథా.

నువ్వు జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టే ద్రావణం) ఒక్కదాన్నే నమ్ముకున్నట్టున్నావు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి అని కొలత సరిగ్గానే రాశావు. కానీ వరికి కావాల్సిన నత్రజని దానితో తీరదు. నాట్లకు ముందు జీలుగ గానీ జనుము గానీ (నేలలో కలిపేసే పచ్చిరొట్ట పైర్లు ఇవి) చల్లి, పూతకొచ్చే వేళ, దాదాపు 45 రోజులకు, కలియదున్ను. అసలు సత్తువ అక్కడుంది.

సేంద్రియ పంటకు ధర సంగతికొస్తే, ఊళ్లో కనీసం ఐదుగురు రైతులు కలిస్తే పీజీఎస్ ఇండియా (రైతులే ఒకరికొకరు హామీగా ఉండి సేంద్రియ సర్టిఫికెట్ పొందే పద్ధతి) గ్రూపు పెట్టుకోవచ్చు. ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఎగుమతికి ఆ సర్టిఫికెట్ చెల్లదు, మన టౌన్లో అమ్ముకోవడానికి చాలు.

ఇంతకీ మీది చౌడు నేలా, నల్లరేగడా? చెబితే జీలుగ మంచిదో జనుము మంచిదో చెప్తాను.