ఫిట్‌నెస్‌కు 18,500 తీసుకున్న ఏజెంటు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: హనుమకొండలో ఎల్లో బోర్డు కారు సొంతంగా నడుపుకొని బతుకుతున్నాను. కారు కొని తొమ్మిదేళ్లు దాటింది. నిరుడు నా భార్యకు ఆపరేషన్ జరిగింది. రెండు నెలలు ఆస్పత్రి చుట్టూ తిరగడంలో ఫిట్‌నెస్ గడువు దాటిపోయింది. ఏప్రిల్ 11న ఆర్టీవో ఆఫీసు బయట ఉండే ఒక ఏజెంటు అన్నీ తానే చూసుకుంటానని 18,500 రూపాయలు తీసుకున్నాడు. 12,000 ఫోన్‌పేలో పంపాను, 6,500 చేతికిచ్చాను. బ్రేకులు, హెడ్‌లైట్లు బాగు చేయించానన్నాడు, లోపల సారుకు కూడా ఇవ్వాలన్నాడు, బిల్లు మాత్రం ఇవ్వలేదు. ఆఫీసు రసీదులో 3,850 మాత్రమే ఉంది. అప్పుల్లో ఉన్నవాణ్ణి ఇలా దోచుకోవడం న్యాయమా? మళ్లీ గడువు దగ్గరపడింది. ఈసారి ఇంకో 4,000 ఇస్తే బండి తీసుకురాకుండానే పని చేయిస్తానంటున్నాడు. ఏజెంటు మీద, ఆఫీసరు మీద కేసు పెట్టి నా డబ్బు రాబట్టుకోవచ్చా?

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు ఆస్పత్రి కష్టాలకే సరిపోయాయి. కేసును తేల్చే విషయం మాత్రం చివరి పేజీలో ఒక్క వాక్యంలో ఉంది: బిల్లు ఇవ్వలేదు. మీ దగ్గర ఎంత ఎక్కువ తీసుకున్నారన్నది కోర్టు రెండో ప్రశ్నగా అడుగుతుంది. ఎవరికి ఇచ్చారు, దేనికి ఇచ్చారు, దానికి కాగితం ఏది అన్నది మొదటి ప్రశ్న. ఈ మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే మీ అప్పులను గానీ, మీ భార్య అనారోగ్యాన్ని గానీ ఏ కమిషనూ లెక్కలోకి తీసుకోలేదు.

ముందుగా లెక్క సరిచేసుకోండి. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం రవాణా వాహనానికి ఎనిమిదేళ్లు నిండేవరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయల అదనపు రుసుము 2016 డిసెంబరు సవరణతో 81వ నిబంధనలోకి వచ్చింది. మీరు పంపిన రసీదు నకలు ప్రకారం మీ ఆలస్యం 61 రోజులు, అంటే 3,050 రూపాయలు. మిగిలిన 800 పరీక్షకూ, ధ్రువపత్రానికీ కట్టిన రుసుము. మీరు దోపిడీ అనుకుంటున్న మొత్తంలో ఈ 3,850 ఖజానాకు చేరిన సొమ్ము, అది తిరిగి రాదు. ఆస్పత్రి కాగితాలు చూపితే ఆలస్యపు రుసుము తగ్గించే వీలు ఆ నిబంధనలో లేదు. కనుక మీ వివాదం విలువ 14,650 రూపాయలు. నోటీసులో 18,500 తిరిగి ఇమ్మని రాస్తే అవతలి వకీలు మొదటి రోజే ఈ రసీదు చూపించి, మీరు చెప్పే మిగతా మాటల మీద కూడా అనుమానం కలిగిస్తాడు.

ఆ 61 రోజుల్లో ఆస్పత్రికి కారులోనే వెళ్లివచ్చానని, రెండుసార్లు దారిలో ప్రయాణికులను కూడా ఎక్కించుకున్నానని మీరే రాశారు. ఇది చాలా పెద్ద తప్పు. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షను ప్రకారం ఫిట్‌నెస్ లేని రవాణా వాహనం సక్రమంగా రిజిస్టరైనట్టే కాదు. అలాంటి బండిని రోడ్డెక్కిస్తే 192వ సెక్షను కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. పర్మిట్‌కు కూడా ఫిట్‌నెస్ ఉండి తీరాలన్నది 84వ సెక్షను పెట్టిన షరతు. జరిమానా కన్నా భయపడవలసింది బీమా విషయంలో. రిజిస్ట్రేషన్ గడువు తీరిన వాహనం ప్రమాదానికి గురైనప్పుడు, అది పాలసీ షరతుల మౌలిక ఉల్లంఘన కనుక నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2014లో నరీందర్ సింగ్ కేసులో చెప్పింది. ఫిట్‌నెస్ లేని బండి విషయంలో బీమా కంపెనీలు ఇదే వాదన ఎత్తుకుంటాయి. ఆ రెండు నెలల్లో ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే, కంపెనీ ముందు చెల్లించి ఆ సొమ్మును మీ దగ్గర వసూలు చేసుకొమ్మని ట్రిబ్యునల్ ఆదేశించే ప్రమాదం ఉండేది. అప్పుడు మీ ఇల్లు అమ్మినా సరిపోయేది కాదు.

ఇప్పుడు ఆఫీసరు సంగతి. ‘లోపల సారుకు ఇవ్వాలి’ అన్నది ఏజెంటు నోటి మాట. ఆఫీసరు మిమ్మల్ని అడగలేదు, మీరు ఆయనకు ఇవ్వలేదు. లంచం కేసులో అడిగినట్టు, తీసుకున్నట్టు రెండూ రుజువు కావాలని, అయితే వాటిని పరిస్థితుల సాక్ష్యంతో కూడా నిరూపించవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో తేల్చింది. మీ దగ్గర ఈ రెండింటిలో ఒక్కదానికీ ఆధారం లేదు. బయట ఉన్నవాడు ఆఫీసరు పేరు చెప్పి మొత్తం సొమ్మూ తానే ఉంచుకోవడం కూడా జరిగేదే.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత, 8వ సెక్షను ప్రకారం లంచం ఇచ్చినవాడు కూడా నేరస్థుడే, ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. బలవంతం మీద ఇచ్చినవారికి మినహాయింపు ఉంది, కానీ ఇచ్చిన ఏడు రోజుల్లోగా పోలీసులకు గానీ ఏసీబీకి గానీ తెలియజేసినప్పుడే అది వర్తిస్తుంది. మీరు డబ్బు ఇచ్చి పదకొండు నెలలైంది. ఇప్పుడు ‘ఆఫీసరుకు ఇమ్మని ఇంత ఇచ్చాను’ అని సంతకం పెట్టి ఫిర్యాదు రాస్తే, ఆ కాగితం ఎదుటివారి కన్నా ముందు మీ మీదే సాక్ష్యమవుతుంది. వకీలుకు చూపించకుండా అటువంటి వాక్యం ఎక్కడా రాయవద్దు, వాట్సాప్‌లో స్నేహితులకు కూడా పంపవద్దు.

ఈసారి అతను చూపిస్తున్న దారి గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. 4,000 ఎక్కువిచ్చి, బండి చూపించకుండా ధ్రువపత్రం తీసుకోవడం అంటే పరీక్ష జరగలేదని తెలిసే దాన్ని కొనుక్కోవడం. అందులో మీరు బాధితులు కారు, భాగస్వాములు. బలవంతం మీద ఇచ్చానన్న మాట అక్కడ పనికిరాదు, ఎందుకంటే ఎవరూ బలవంతం చేయలేదు. అతను చేతిలో పెట్టిన కాగితం అసలుదే కాకపోతే, నకిలీ పత్రాన్ని తెలిసి అసలుదిగా వాడినందుకు భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షను కూడా మీ మీదికి వస్తుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, బ్రేకు సరిగా పట్టని కారులో మీరు కుటుంబాలను ఎక్కించుకుంటున్నారు. ప్రమాదం జరిగిన రోజున ఆ బండి పరీక్షా స్థలానికి వెళ్లిందా లేదా అన్నది మొదట తవ్వి తీస్తారు. అతనికి ఇప్పుడే వద్దని చెప్పండి.

మీకు మిగిలిన సరైన దారి ఏజెంటు మీద వినియోగదారుల ఫిర్యాదు. పరీక్ష, ధ్రువపత్రం ప్రభుత్వం చట్టప్రకారం చేసే పని కనుక ఆఫీసును ఇందులో ప్రతివాదిగా చేర్చవద్దు, చేరిస్తే కేసు ఆ వాదన దగ్గరే ఆగిపోతుంది. ఏజెంటు మాత్రం డబ్బు తీసుకొని సేవ చేస్తానన్నాడు, విడిభాగాలు వేయించానన్నాడు. అమ్మిన వస్తువుకు, చేసిన సేవకు బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షను ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. మిమ్మల్ని దెబ్బతీసిందనుకున్న బిల్లు లేకపోవడమే ఇక్కడ మీ పక్షాన నిలిచే అంశం.

ఎల్లో బోర్డు బండి వాణిజ్య అవసరానికి కదా, మీరు వినియోగదారుడెలా అవుతారని అతను మొదటి అభ్యంతరం తెస్తాడు. జీవనోపాధి కోసం తానే నడుపుకొనే ఆటో యజమాని వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో ఉదాహరణగా చెప్పింది. అయితే 2019 చట్టంలోని వివరణ కొనుక్కున్న వస్తువుల గురించే మాట్లాడుతుంది, సేవల ప్రస్తావన అందులో లేదు. అందుకని ఫిర్యాదులో బ్రేకు భాగాలకూ, హెడ్‌లైట్లకూ డబ్బు తీసుకున్న సంగతి ముందుగా రాసి, సేవ సంగతి ఆ తర్వాత రాయండి. కారు నేనే నడుపుతాను, నాకు వేరే ఆదాయం లేదు, డ్రైవరును పెట్టుకోలేదు అన్న మూడు వాక్యాలు తప్పకుండా ఉండాలి. మీ పేరున ఇంకో బండి ఉండి, దాన్ని జీతానికి వేరొకరు నడుపుతుంటే నాకు ముందే చెప్పండి, అప్పుడు సలహా మారుతుంది.

గడువు 69వ సెక్షను ప్రకారం రెండేళ్లు. నిరుడు ఏప్రిల్ 11 నుంచి లెక్కపెట్టుకుంటే మీకు ఇంకా ఏడాదికి పైగా సమయం ఉంది, కానీ సాక్ష్యం అంతకాలం ఉండదు. స్క్రీను పగిలిందని పాత ఫోను మీ అబ్బాయికి ఆడుకోవడానికి ఇచ్చానని రాశారు. ఇది చదివి నాకు కోపం వచ్చింది. ‘బ్రేకులకు ఏడు వేలు అయినయ్’ అని ఏజెంటు పంపిన వాయిస్ మెసేజ్ ఉన్నది ఆ ఫోనులోనే కదా! ఈ రోజే అది తీసుకొని, ఏమీ చెరపకుండా, స్విచాఫ్ చేసి భద్రపరచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఫోనులోని మెసేజ్‌ను నకలుగా దాఖలు చేయాలంటే నిర్ణీత నమూనాలో ధ్రువీకరణ జత చేయాలి. ఆ ధ్రువీకరణ ఏ పరికరం గురించో ఆ పరికరం మీ దగ్గర ఉండాలి. ఫోన్‌పే చెల్లింపుకు స్క్రీన్‌షాట్ మీద ఆధారపడకుండా, బ్యాంకుకు వెళ్లి ఏప్రిల్ నెల స్టేట్‌మెంటు ముద్ర వేయించి తెచ్చుకోండి. అందులో డబ్బు అందుకున్నవారి పేరు ఏజెంటుది కాకుండా అతని బావమరిదిదని మీరే రాశారు. ఆ నంబరుకు పంపమని ఏజెంటు చెప్పిన మెసేజ్ దొరికితేనే 12,000 అతనికే ఇచ్చినట్టు లెక్క. చేతికిచ్చిన 6,500కు మీ మాట తప్ప ఏమీ లేదు. ఆ రోజు పక్కన ఉన్న మీ తోడల్లుడు ప్రమాణ పత్రం ఇస్తాడేమో అడగండి.

బ్రేకులు నిజంగా మార్చారా అన్నది కూడా తేలాలి. నమ్మకమైన మెకానిక్ దగ్గర చక్రాలు విప్పించి, లైనింగ్ ఎంత అరిగిందో, కొత్త భాగం పడినట్టుందో లేదో తేదీతో, సంతకంతో రాయించుకోండి, ఫొటోలు తీయించండి. నిరుటి పరీక్ష నివేదిక నకలు ఇమ్మని పది రూపాయల రుసుముతో ఆర్టీవో కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏ లోపమూ నమోదు కాకుండా మొదటిసారే పాసైనట్టు ఆ నివేదికలో ఉంటే, మరమ్మతుల పేరుతో తీసుకున్న డబ్బుకు లెక్క చెప్పవలసింది అతనే.

ఈ ఏడాది పరీక్షకు ఏజెంటు అక్కర్లేదు. గడువుకు కనీసం రెండు వారాల ముందు రవాణా శాఖ పోర్టల్‌లో మీరే స్లాటు తీసుకొని, అక్కడ చూపే రుసుమును మీ ఖాతా నుంచే కట్టండి. వాహనం వయసును బట్టి రుసుము పెరుగుతుంది, పట్టిక కూడా మారుతూ ఉంటుంది కనుక ఏజెంటు చెప్పిన అంకె మీద గానీ, నిరుటి రసీదు మీద గానీ ఆధారపడవద్దు. వెళ్లేముందు మీ మెకానిక్ చేత బ్రేకులు, హెడ్‌లైటు ఫోకసు, ఇండికేటర్లు, హారను, వైపర్లు చూపించుకోండి. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాళ్ల అడుగున చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే మార్చవలసిందే. మార్చిన ప్రతి భాగానికీ బిల్లు తీసుకోండి. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్‌కు పంపితే ఇంకో విషయం గుర్తుంచుకోండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ స్టేషన్ పరీక్ష మాత్రమే చేయాలి. మరమ్మతులు చేయడం, విడిభాగాలు అమ్మడం దానికి నిషేధం. అక్కడే భాగాలు మార్పించుకోమంటే ఒప్పుకోవద్దు.

ఫెయిల్ అని నోటితో చెబితే వెనక్కి రావద్దు, కారణాలు రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం చేతికందిన 30 రోజుల్లోగా 57వ సెక్షను కింద అప్పీలు చేసుకోవచ్చు. కాగితమే లేకపోతే అప్పీలు దేని మీద చేస్తారు? ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకముందే ఏసీబీ టోల్‌ఫ్రీ 1064కు ఫోన్ చేయండి. ముందుగా వారికి తెలియజేసి, వారికి సహకరించడానికి ఇచ్చిన సొమ్ముకు 8వ సెక్షను వర్తించదు.

ఏజెంటుకు ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తీసుకున్న మొత్తం, ఖజానాకు కట్టినది, మిగిలిన 14,650కు బిల్లులు గానీ సొమ్ము గానీ 15 రోజుల్లో ఇవ్వాలన్నది, ఈ మూడే ఉండాలి. ఆఫీసరు ప్రస్తావన, లంచం అన్న మాట, తిట్లు ఉండకూడదు. జవాబు రాకపోతే హనుమకొండలో నివసిస్తున్నారు కనుక మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు, మీరే వాదించుకోవచ్చు. నోటీసు చిత్తుప్రతిని, బ్యాంకు స్టేట్‌మెంటును, మెకానిక్ రాసిచ్చిన కాగితాన్ని ఒకే కవరులో పెట్టి నాకు పంపండి. పాత ఫోను మాత్రం పోస్టులో పంపవద్దు, స్వయంగా తీసుకురండి.