చేతిగాజు ముక్కని ల్యాబ్ గాజుకి అతికిస్తే ఎందుకు చిట్లుతుంది?

బెంగళూరులో టార్చి మంట మీద గాజు పని నేర్చుకుంటున్నానన్నారు. పరీక్షనాళికకి ఎర్ర చేతిగాజు ముక్క అతికిస్తే, చల్లారాక చిట్లిందన్నారు. తప్పు మీ చేతిది కాదండీ. నాళిక బోరోసిలికేట్, అంటే వేడిని తట్టుకునే ల్యాబ్ గాజు; చేతిగాజు మామూలుగా సోడా గాజు, అంటే సీసాల్లాంటివాటికి వాడే మామూలు గాజు. వేడికి సోడా గాజు దాదాపు మూడు రెట్లు ఎక్కువ సాగుతుంది. మంటలో రెండూ తేనెలా కలిసిపోతాయి. చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుని రెండోదాన్ని లాగుతుంది. టిక్‌మంటుంది, అతుకు దగ్గర వెంట్రుకంత గీత!

రంగు కావాలంటే బోరోసిలికేట్ రంగు కడ్డీలే కొనండి. అప్పుడైనా బొమ్మని సుమారు 560 డిగ్రీల కొలిమిలో కాసేపు ఉంచి, మెల్లగా చల్లార్చాలి. రెండు పోలరైజర్ ఫిల్ములు (ఒక దిశలో కంపించే వెలుగునే పోనిచ్చే పలుచని రేకులు) వెలుగు ఆగిపోయేలా ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెట్టి, మధ్యలో బొమ్మని ఉంచి చూడండి: ఒత్తిడి మిగిలినచోట వెలుగు కనిపిస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా అందంగా అనిపించేది అదే.

హార్వర్డ్‌కి గాజు పూలు చేసిన రుడాల్ఫ్ బ్లాష్కా కూడా చివరికి తన రంగు గాజుని తానే తయారు చేసుకున్నాడు.