20 శాతం తగ్గింపు సరే, పాడైతే ఎవరిని అడుగుతారు?

ప్రశ్న: ఇంటి నుంచే డిజైనింగ్ పని చేస్తాను. నా కంప్యూటర్ మొరాయిస్తోంది. పేరున్న అమ్మకందారు చెప్పిన ధర కంటే, ఎప్పుడూ వినని ఒక సైట్‌లో అదే మోడల్ 20 శాతం తక్కువకు వస్తోంది. డబ్బు ముందే బ్యాంకు ఖాతాకు పంపాలట. ఆఫర్ ఆదివారం వరకే. చేతిలో ఒక నెల ఖర్చుకు సరిపడా డబ్బే ఉంది. లోన్ యాప్‌లో అప్పు చేసి కొనేయొచ్చా?

జవాబు: వద్దు. ఆదివారం దాటిపోనివ్వండి.

చాలామంది రెండు ధరలు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు గానీ, అది పాడైన రోజు సంగతి ఆలోచించరు. మీ కంప్యూటర్ ఆగితే మీ సంపాదన ఆగుతుంది. రిపేరు పేరుతో పది రోజులు పోతే నెల ఆదాయంలో మూడో వంతు పోయినట్టే. మిగిలే ఆ 20 శాతాన్ని దీని పక్కన పెట్టి లెక్కేయండి.

చౌక అంటే మోసమని నేననను. 1984లో మొదలైన కంప్యూటర్ల కంపెనీ డెల్, మధ్యలో దుకాణం లేకుండా నేరుగా అమ్మే ఎదిగింది. కానీ పాడైతే ఎవరికి ఫోన్ చేయాలో కొన్నవాళ్లకు తెలుసు. మీరు అడగాల్సిందీ అదే: వారంటీ తయారీ కంపెనీదా, అమ్మేవాడిదా? వెనక్కి పంపితే కొరియర్ ఖర్చు ఎవరిది?

ఒకసారి నేనూ ఇలాగే కక్కుర్తి పడ్డాను. పెట్టె మీద కొత్త టేపు, దాని కింద పాత టేపు జిగురు మరకలు. కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొడితే వారంటీ ఏడు నెలల కిందటే మొదలైపోయింది. అమ్మినవాడు రెండు మెయిళ్లకు జవాబిచ్చి, మూడోదానికి మాయమయ్యాడు. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడిగే దారైనా ఉండేది. నేను ఖాతాకు పంపాను, అంతే సంగతులు.

ఇక లోన్ యాప్! మిగులు కోసం అప్పు చేయడమేంటండీ? నెలకు 3 శాతమే అంటారు. కట్టకుండా వదిలేస్తే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఫీజు ముందే కోసుకుని మిగతాది చేతిలో పెడతారు, వడ్డీ మాత్రం మొత్తం మీద లాగుతారు. మీ 20 శాతం తగ్గింపు ఏడెనిమిది నెలల్లో వడ్డీకే సరి.

మీ అసలు సమస్య ఆ ఒక్క నెల డబ్బు. జీతం లేకుండా పని మీద బతికేవాళ్లకు కనీసం 6 నెలల ఖర్చు పక్కన ఉండాలి. అది ఉంటే ఈ ఆఫర్ చూసి మీకు టెన్షనే ఉండేది కాదు. అందుకే ఉన్న నెల డబ్బును కూడా కంప్యూటర్‌కు ఊడ్చిపెట్టకండి. వచ్చే ప్రతి పేమెంటులో కొంత ముందే వేరే ఖాతాలోకి మళ్లించండి.

అప్పటిదాకా? పాత మెషీన్‌ను రిపేరుకు చూపించండి. హార్డ్‌డిస్క్ తీసి దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేస్తే, ర్యామ్ పెంచితే చాలావాటికి మళ్లీ ఊపిరొస్తుంది. కుదరకపోతే వాడినదాన్ని కంపెనీయే బాగుచేసి వారంటీతో అమ్మే రీఫర్బిష్డ్ ఒకటి చూడండి.

ముందు మాత్రం ఈ రాత్రే మీ డిజైన్ ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మొరాయిస్తోందని మీరే రాశారు.