పక్కనున్న బీడు ఎవరిదో తెలుసుకోవడం: పాకాల దగ్గర మేము 38 సెంట్లు కొన్న అనుభవం

చంద్రగిరి దగ్గర మీ ఇంటి వెనకాల 40 అంకణాల (మూడు సెంట్ల పైచిలుకు) స్థలం ఏళ్ల తరబడి కంపచెట్లు పట్టి పడివుందని, ఎవరూ వచ్చి చూడటం లేదని రాశారు. కంచె వేసుకుని 12 ఏళ్లు గడిపితే అది మనదే అవుతుందని బంధువులు చెబుతున్నారు, నిజమేనా, లేకపోతే కొనడానికి ఎవరిని అడగాలి అన్నది మీ ప్రశ్న.

దయచేసి కంచె మాత్రం వెయ్యకండి. మా ఇంట్లో కూడా ఇదే మాట వచ్చింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాకాల దగ్గర మా మామిడితోటకు, బాటకు మధ్యలో 38 సెంట్ల బీడు ఉండేది. కాయల కాలంలో ట్రాక్టరు తోటలోకి రావాలంటే దాని గెనిమ మీదే రావాలి, మాకు వేరే దావ లేదు. అందులో ఒక పెద్ద చింతమాను. మా నాయన పాతికేళ్లుగా ఆ చింతకాయలు రాల్చుకునేవాడు, రెండుసార్లు ఉలవలు కూడా చల్లాడు. 2021లో మా చిన్నాన్న ఒకరు, 'ఇన్నేళ్లు అనుభవించారు కదా, కోర్టుకు పోతే మీదే' అన్నాడు. నేనూ నమ్మి చిత్తూరులో ఒక లాయరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఒకే ప్రశ్న అడిగాడు: 'మీ నాయన ఎవరినైనా అడిగి అందులోకి దిగాడా?'

అడిగే దిగాడు. 1990ల్లో ఆ భూమి యజమాని ఊరు వదిలి పోతూ, 'కాయలు నువ్వే రాల్చుకో, కాస్త చూస్తా ఉండు' అని చెప్పి పోయాడట. లాయరు అక్కడే ఫైలు మూసేశాడు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 12 ఏళ్ల లెక్క ఉన్నమాట నిజమే. కానీ యజమాని ఒప్పుకోలుతో ఉన్నవాడికి ఆ లెక్క వర్తించదు. యజమానికి వ్యతిరేకంగా, నలుగురికీ తెలిసేలా, మధ్యలో తెగకుండా సొంతదారుడిలా అనుభవించినట్టు రుజువు చెయ్యాలి. ఊరికే కంచె వేసి, పన్ను రశీదు ఒకటి తెచ్చుకుంటే సరిపోదు. అదే ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్లు. ఈలోగా తహసీల్దారు 1905 నాటి ఆక్రమణ చట్టం కింద నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చు. కొందరు బీ మెమో చేతిలో పెట్టుకుని అదేదో పట్టా అన్నట్టు చూపిస్తుంటారు. అది ఆక్రమణ చేశారని రాసిచ్చిన కాగితం, హక్కు కాదు.

ఈ లెక్కలన్నీ పక్కన పెట్టినా, నమ్మి చూసుకోమన్న మనిషి భూమిని అలా లాక్కోవడానికి మా నాయనకు మనసొప్పలేదు. కొనాలనే అనుకున్నాం.

ఎవరిదో తెలియాలంటే ముందు సర్వే నంబరు కావాలి. మీ సొంత దస్తావేజు తీసి హద్దులు చదవండి. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం కింద పక్కవాళ్ల పేర్లు రాసి ఉంటాయి. చాలామంది ఈ నాలుగు లైన్లు చదవకుండానే ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. నంబరు దొరికాక మీభూమి వెబ్‌సైటులో అడంగల్ (ఏ నంబరు ఎవరి సాగులో ఉందో రాసే లెక్క), 1బీ (ఎవరి పేరు మీద ఎంత భూమి ఉందో చూపే ఖాతా) ఉచితంగా చూడొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి చంద్రగిరి, పాకాల తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కాబట్టి అక్కడ చిత్తూరు కింద వెతికితే దొరకవు. మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే పాత నంబరు బదులు ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు ఉంటుంది, పాత నంబరుకు కొత్తది ఏదో సచివాలయంలో సర్వేయరు చెబుతాడు. ఒకవేళ మీది ఊరి నడుమ గ్రామకంఠం, అంటే ఇళ్ల కోసం వదిలిన ఊరి స్థలం అయితే అడంగల్‌లో ఎవరి పేరూ ఉండదు. అప్పుడు పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు, పాత దస్తావేజులే దిక్కు.

మా పక్క బీడు అడంగల్‌లో ఎప్పుడో చనిపోయిన మనిషి పేరే ఉంది. ఇది మన దగ్గర మామూలే. అడంగల్‌లో పేరుంటే యజమాని అని కాదు, లేకపోతే కాదనీ కాదు, హక్కును తేల్చేది దస్తావేజులూ వారసత్వమూ. అందుకే ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా తీయించాను. కంప్యూటరులో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. అలా వెతికిస్తే 1978లో ఆ యజమాని కొన్న దస్తావేజు, ఈసీలో 1991లో ఒక తనఖా, తర్వాత దాని చెల్లు రశీదు కనిపించాయి. ఈసీతో పాటు రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల నిషేధిత జాబితా, అదే 22ఏ, తప్పనిసరిగా చూడండి. పోరంబోకు (వాగులు, బాటల్లాంటి ప్రభుత్వ భూమి), దేవాదాయ, డీకేటీ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూములు అందులో ఉంటాయి. తిరుపతి చుట్టుపక్కల దేవస్థానాల, మఠాల భూములు ఎక్కువ కాబట్టి ఇది ఒక్కటి వదిలేస్తే కట్టిన డబ్బంతా పోతుంది. డీకేటీ భూములకు 2023లో 20 ఏళ్లు దాటితే అమ్ముకునేలా సడలింపు ఇచ్చారు, మళ్లీ 2024లో అలాంటి వాటి రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దనే నా మాట.

తర్వాత, చనిపోయిన యజమాని వారసులు. ఇక్కడే నేను తప్పు చేశాను. బెంగళూరులో ఉన్న ఆయన చిన్నకొడుకు ఫోన్ నంబరు దొరికింది. 'అంతా నాదే, అక్కలకు పెళ్లిళ్లలో ఇచ్చేశాం' అన్నాడు. టెన్షన్‌లో, ఇంకెవరైనా కొనేస్తారేమో అని 50 వేలు అడ్వాన్సు పంపాను. కాగితం కూడా రాయించుకోలేదు. భూమి తండ్రి సొంతంగా కొన్నది, వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. పెళ్లిలో ఏమిచ్చారన్నది లెక్కలోకి రాదు. భార్య పోయింది, పెద్దకొడుకు కూడా పోయాడు కాబట్టి ఆయన భార్య, ఇద్దరు పిల్లలు వచ్చారు. మొత్తం ఆరు సంతకాలు. ఆ పిల్లలు మైనర్లయి ఉంటే కోర్టు అనుమతి కూడా కావాల్సి వచ్చేది.

పెద్దకూతురు వేలూరులో ఉందని మా ఊరి పాత కరణం వాళ్ల ఇంట్లో తెలిసింది. 1984లోనే కరణాల పద్ధతి పోయినా, ఏ కుటుంబం ఎక్కడికి పోయిందో ఆ ఇంటి పెద్దామెకు ఇప్పటికీ తెలుసు. నాయనను తీసుకుని వేలూరు వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి, కళ్లద్దాలు సర్దుకుంటూ నాయన మొహంలోకి చాలాసేపు చూసి, 'ఏమప్పా, ఆ చింతమాను ఉందా, కొట్టేశారా?' అంది.

'ఉందక్కా. పోయిన ఏడు కూడా బాగా కాసింది' అన్నాడు నాయన.

ఆమె లోపలికి పోయి ఒక రేకు పెట్టె తెచ్చి మా ముందు తెరిచింది. అడుగున, పాత చీర ముక్కలో చుట్టి, 1978 నాటి అసలు దస్తావేజు. తమ్ముడు అడ్వాన్సు తీసుకున్న సంగతి ఆమెకు తెలియనే తెలియదు. నాకు తల ఎత్తలేనంత సిగ్గేసింది. 'అత్తా, మిమ్మల్ని అడగకుండా తప్పు చేశాను' అన్నాను. ఆమె కోప్పడలేదు. 'మా చెల్లెలికీ, వదినకూ నేను చెప్తా. డబ్బు మాత్రం ఎవరి వాటా వాళ్ల చేతికే ఇయ్యి' అంది. అలాగే ఆరుగురికీ ఆరు చెక్కులు రాశాను. ఆ 50 వేలు తమ్ముడి వాటాలో తగ్గించుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

రిజిస్ట్రేషనుకు ముందు ఎఫ్ లైన్‌కు, అంటే హద్దుల కొలతకు, మీసేవలో అర్జీ పెట్టి కొలిపించాం. మీరూ తప్పకుండా కొలిపించండి. సర్వేయరు చుట్టుపక్కల వాళ్లకు నోటీసులిచ్చి, ఎఫ్ఎంబీ పటం (పొలం కొలతల పటం) పట్టుకుని వస్తాడు. పటంలో ఒక పక్క 212 అని ఉంటే నాయన అది అడుగులనుకున్నాడు. మా పటంలో అవి లింకులు. వంద లింకులు 66 అడుగులు, అంటే 212 లింకులు దాదాపు 140 అడుగులే. పాత రాయి కోసం తవ్వితే రెండడుగుల లోతులో, చింతవేరు పక్కన దొరికింది. కొలిస్తే తేలింది ఏమిటంటే 38లో 5 సెంట్లు వంక పోరంబోకు, పైగా మా మామిడి వరస ఒకటి వాళ్ల భూమిలోకే నాలుగడుగులు జరిగి ఉంది. ఆ రోజు కంచె వేసి కోర్టుకు పోయుంటే ముందు మా తప్పే బయటపడేది. చివరికి 33 సెంట్లకే దస్తావేజు రాయించుకున్నాం. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం అయింది. 1బీలో పేరు ఎక్కేదాకా సచివాలయానికి తిరుగుతూనే ఉన్నాను.

మీది 40 అంకణాలంటే, మన తిరుపతి లెక్కలో అంకణానికి 36 చదరపు అడుగులు కాబట్టి మూడు సెంట్ల పైచిలుకే. చిన్న స్థలమే, కానీ వారసులు ఎంతమందైనా ఉండొచ్చు, ఒక్కరి మాట మీద డబ్బు కట్టకండి. ముందు మీ దస్తావేజులో ఆ స్థలం వైపు హద్దుగా ఎవరి పేరు రాశారో చూడండి. ఆ పేరు తీసేసి మిగతా హద్దు వివరాలు, అది గ్రామకంఠమా పట్టానా అన్నది ఇక్కడ రాస్తే, ఈసీ ఏ సంవత్సరం నుంచి తీయించాలో చెబుతాను.