హెచ్ఎంగా వెళ్తున్న చెల్లికి

ప్రియమైన చెల్లీ,

నిన్ను గుంటూరు స్కూలుకి హెచ్ఎంగా వేశారని విని సంతోషించాను. ఫోన్లో నువ్వు చెప్పిన జాబితానే ఇంకా చెవుల్లో తిరుగుతోంది. డిజిటల్ బోర్డులు, కొత్త టైంటేబుల్, యూనిఫాం, సీబీఎస్ఈకి మారడం... అన్నీ ఈ ఏడాదేనా? ఆగమ్మా.

మనం కాన్వెంటు సిస్టర్లం, బదిలీ మీద వస్తాం, బదిలీ మీద పోతాం. టీచర్లు, గుమస్తా, ఆయాలు అక్కడే ఉంటారు. ఏ సిస్టర్ ఏం మొదలుపెట్టిందో, అందులో ఏది అటకెక్కిందో వాళ్లకు కంఠతా వచ్చు. స్టాఫ్ మీటింగులో నువ్వేం చెప్పినా 'అలాగే సిస్టర్' అంటారు. ఆ 'అలాగే'ని నమ్మకు. ఈవిడ ఉండేది ఎన్నాళ్లులే అనుకుంటూ కూడా ఆ మాట అనొచ్చు. కాథలిక్ బడి అనుకున్నది సాధించడం దాదాపు పూర్తిగా ఉపాధ్యాయుల చేతిలోనే ఉందని ప్రపంచంలోని కాథలిక్ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. కాబట్టి టైంటేబుల్ నువ్వు గీయకు. లెక్కల టీచరునీ తెలుగు టీచరునీ కూర్చోబెట్టి వాళ్లచేత గీయించు, ముందు ఏడో తరగతిలో ఒక టర్మ్ నడిపి చూడు. వాళ్లు గీసుకున్నదైతే నువ్వు వెళ్లిపోయాక కూడా నడుపుకుంటారు.

వెళ్లగానే గుమస్తా దగ్గర ఫీజు రాయితీల పుస్తకం అడిగి తీసుకో. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరు వెనక కథ చెప్పించుకో. మిర్చి యార్డులో కూలికి వెళ్లే ఇళ్లలో సీజన్ ఉన్నన్నాళ్లే చేతిలో డబ్బు ఆడుతుంది. జూన్‌లో ఫీజంతా ఒకేసారి కట్టమంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? వాయిదాలు వాళ్ల పని రోజుల్ని బట్టి పెట్టు. నీ జాబితాలో ఇది లేదు. నన్నడిగితే మొదట చేయాల్సింది ఇదే.

కార్పొరేట్ స్కూళ్ల సంగతి తల్లిదండ్రులు ఎత్తుతారు. రాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టి వాళ్లతో పోటీ పడొద్దు. అలాగని 'మేం విలువలు నేర్పుతాం' అంటూ పదో తరగతి లెక్కల్లో తప్పిన పిల్లల్ని గాలికి వదిలేయడం కూడా నాకు నచ్చదు. ఆ పిల్లలకి విడిగా క్లాసు పెట్టు.

ప్రార్థన, మోరల్ సైన్స్ పీరియడ్లు మార్చేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. మన పిల్లల్లో చాలామంది హిందువులు, ముస్లింలు. మైనారిటీలుగా బడి నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో మనకిచ్చింది. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలకు మతబోధ చేయకూడదని 28వ అధికరణంలో ఉంది. రెండూ చదువుకుని వెళ్లు.

సీబీఎస్ఈ అంటావా, అది నీ ఒక్కదాని చేతిలో లేదు. బడి కరస్పాండెంటు, ఈ ప్రాంతంలో మన సిస్టర్లందరికీ పెద్ద అయిన ప్రొవిన్షియల్ తేల్చాలి. ఖర్చు లెక్క, ఇప్పుడున్న టీచర్ల అర్హతలు, తెలుగు మీడియం పిల్లలుంటే వాళ్ల సంగతి, అన్నీ కాగితం మీద పెట్టు. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు విజయవాడ వస్తావుగా, ఆ కాగితం పట్టుకురా. వాళ్లకు పంపే ముందు ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ అక్క