బండి కిందికి దించే ముందు

అల్లుడా,

నువ్వు పాత మహీంద్రా పికప్ కొనుక్కొచ్చినవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. ఏపీ 36 నంబరు, 1991 మోడల్, ప్యూజో డీజిల్ ఇంజను. వింటుంటేనే నాకు పానం లేచొచ్చింది. వరంగల్ ఆటోనగర్ల చేతులు నల్లగ చేసుకున్న ముప్పై ఏండ్లల్ల అసుంటి బండ్లు ఎన్ని విప్పిన్నో లెక్క లేదు. దాన్ని నేలకు ఆనేటట్టు దించి, పెద్ద రిమ్ములు ఎక్కించి, ఇంటి ముందటనే తయారు చేస్తనంటున్నవట. వద్దని చెప్పుటానికి రాస్తలేను. ఎట్ల చెయ్యాల్నో చెప్పుటానికే రాస్తున్న.

నువ్వు పంపిన వీడియోలు మూడు చూసిన. అండ్ల ఉన్నది షెవ్రొలె సీ10, 1967 నుంచి 1972 దాక అమెరికాల వచ్చిన బండి. దానికి ముందట కాయిల్ స్ప్రింగులు, ఏ చక్రానికి ఆ చక్రం విడిగ ఆడుతది. వెనక గూడ ఎక్కువ బండ్లకు కాయిల్ స్ప్రింగులే. అందుకే వాళ్లు ముందట స్పిండిల్ (చక్రాన్ని మోసే ఇనుప ముక్క) మార్చి, చక్రం బిగించే పిన్నును మీదికి జరిపి, స్ప్రింగును ముట్టకుంటనే బండిని రెండున్నర అంగుళాలు దించుతరు. పొద్దుగాల మొదలుపెడితే మాపటికి అయిపోతది. నీ బండికి ముందూ వెనకా కమాన్ పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన వంపు ఉక్కు పట్టీలు, ముందట గూడ రెండు చక్రాలను కలిపే ఒక్కటే ఆక్సిల్. వాళ్లు చేసింది చూసి దీని మీద చెయ్యి పెడితే ఆగమైతవు. వీడియోల బండి అందం చూడు, పని మాత్రం నీ బండిని చూసి నేర్చుకో.

ముందుగాల ఒక్క మాట మనసుల పెట్టుకో. బండిని దించుడంటే కమాన్లు దించుడు కాదు. గుంత వచ్చినప్పుడు ఆక్సిల్ మీదికి లేస్తది, అది పోయే జాగ ఉన్నదా లేదా అన్నదే అసలు పని. నువ్వు బండిని ఎన్ని అంగుళాలు దించితే ఆ జాగ అన్ని అంగుళాలు తక్కువైతది. నిలబెట్టినప్పుడు మంచిగనే కనబడతది. నలుగురు ఎక్కి ములుగు రోడ్డు మీద ఒక్క గుంతల పడితే ఆక్సిల్ పోయి చాసిస్‌కు, అంటే బండి అడుగు ఇనుప చట్రానికి, కొడతది. ఆ దెబ్బ వెన్నుపూసకు తెలుస్తది, తర్వాత చాసిస్ పగులు చూపిస్తది.

ఆ జాగ కొలిచే తీరు చెప్త. వెనక బండిని లేపి, స్టాండ్ల మీద గట్టిగ కూసోబెట్టి, కమాన్ కట్టల మెయిన్ పట్టీ ఒక్కటి ఉంచి కడమ పట్టీలన్ని తియ్యి. ఇగ జాకీతోని ఆక్సిల్‌ను మెల్లగ మీదికి లేపు. ఎక్కడ తగులుతదో చూడు: చాసిస్‌కా, తొట్టి అడుగుకా, బ్రేక్ పైపుకా, సైలెన్సర్‌కా. అనుమానం ఉన్న కాడ జొన్నపిండి ముద్ద అతికించు. ఆక్సిల్ లేచినంక ఆ ముద్ద ఎంత పలుచగ అయిందో స్కేలుతోని కొలువు. నేను ఇన్నేండ్లు ఇట్లనే చేసిన, ఇంతకన్న నికరమైన కొలత నాకు దొరకలేదు. బండిల మనుషులు కూసున్నంక గూడ ఆక్సిల్‌కూ దాని మీద దెబ్బ ఆపుటానికి ఉండే రబ్బర్‌కూ నడుమ 3 అంగుళాలన్న మిగలాలె. అంతకు తక్కువైతే నువ్వు దించుడు ఎక్కువైనట్టే.

స్టాండ్ల మీద అని ఊకె రాయలేదు. 1996ల మా ఇంటి ముందట ఒక బండిని ఇటుకల మీద పెట్టి కిందికి దూరిన. ఇటుకలు పగిలినయి. హౌజింగ్, అంటే ఆక్సిల్ ఉండే ఇనుప గొట్టం, నా ఎడమ చెయ్యి మీద కూసున్నది. ఆ రెండు వేళ్లు ఇప్పటికీ మడవరావు, నువ్వు చిన్నప్పుడు పట్టుకొని అడిగేటోనివి. సిమెంటు ఇటుకలు గూడ గంతే, చెప్పకుంట పగులుతయి. ఇనుప స్టాండ్లు కొను, లేకుంటే రైలు స్లీపర్ అసుంటి గట్టి కట్టె మొద్దులు అడ్డం పొడుగు పేర్చు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి పోకు. నువ్వు కింద ఉన్నంతసేపు ఇంట్ల ఇంకో మనిషి ఉండాలె.

ఇప్పుడు కమాన్ల సంగతి. మన దగ్గర చానామంది చేసే పని, కట్టల నుంచి రెండు మూడు పట్టీలు తీసేసుడు. బండి దిగుతది, నిజమే. గని బరువు మోసే బలం గూడ పోతది. ఉన్న పట్టీలు ఎక్కువ వంగుతయి, బ్రేకు తొక్కినప్పుడు ఆక్సిల్ మెలి తిరుగుతది, ఒకనాడు మెయిన్ పట్టీ విరుగుతది. ఇంకొందరు గ్యాస్ మంట పెట్టి పట్టీని ఎర్రగ కాల్చి వంచుతరు. ఆ పట్టీ స్ప్రింగు ఉక్కు. దానికి గట్టిదనం వచ్చిందే లెక్క ప్రకారం కాల్చి, నూనెల చల్లార్చి, మళ్ల కొంచెం కాల్చినందుకు. ఆడొకటి ఈడొకటి మంట పెడితే ఆ కాడ మెత్తబడుతది. ఆ పని ఎవ్వరు చేస్తనన్నా బండి ఆపి వాపస్ వచ్చేయ్.

సరైన తొవ్వ ఏందంటే, కమాన్ పని తెలిసిన మేస్త్రి దగ్గర కట్టల ఉన్న అన్ని పట్టీలనూ చల్లగనే సుత్తె దెబ్బలతోని కొద్దికొద్దిగ సాగగొట్టించి, వంపు తక్కువ చేయించు. అన్నిటికీ ఒక్క తీరే వంపు రావాలె. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువైతే పట్టీల నడుమ సందు పడి, బరువంతా ఒక్కదాని మీదికి వస్తది. ముందట ఒకటిన్నర అంగుళం, వెనక రెండు. నా లెక్కల ఈ బండికి, మన రోడ్లకు ఇది చాలు.

వెనక ఇంకొంచెం కావాలంటే, బండి కింద పండుకొని ముందు ఒక్కటి చూడు: కమాన్ ఆక్సిల్ మీదున్నదా, కిందున్నదా. కమాన్ కిందుంటే, కమాన్‌కూ ఆక్సిల్‌కూ నడుమ ఇనుప దిమ్మ పెడితే బండి దిగుతది. కమాన్ మీదుంటే అదే దిమ్మ బండిని లేపుతది. ఇది తెలువక దిమ్మలు చేయించుకొచ్చి, బండి ఎత్తయ్యి, మొకం చిన్నబుచ్చుకున్నోళ్లను చూసిన. కమాన్ మీదున్న బండిని మస్తు దించాలంటే కమాన్‌ను ఆక్సిల్ కిందికి మార్చాలె. అప్పుడు ఆక్సిల్ మందం, కమాన్ కట్ట మందం కలిపి అంత దిగుతది, అంటే నీ బండికి చానా ఎక్కువ. దానికి చాసిస్ కొయ్యక తప్పదు. ముందట ఆక్సిల్‌కు మాత్రం దిమ్మ పెట్టకు. బ్రేకు పడ్డప్పుడు బలమంతా ముందటికే వస్తది, దిమ్మ జారితే స్టీరింగ్ నీ చేతుల ఉండదు.

కమాన్‌ను ఆక్సిల్‌కు పట్టి ఉంచే యూ క్లాంపులు విప్పినంక పాతయి మళ్ల బిగించకు. ఒక్కసారి సాగిన క్లాంపు మళ్ల పట్టదు. కొత్తయి, కొత్త నట్లతోని వెయ్యి. వంద కిలోమీటర్లు తిరిగినంక మళ్లొకసారి బిగించు.

చాసిస్ కొయ్యాలనే మొండిపట్టు పడితే ఇది చదువు. ఆక్సిల్ మీదికి లేచే కాడ చాసిస్ పట్టాను సగం చందమామ తీరు కొయ్యాలె. మూలలు సూటిగ రావద్దు, ముందు మూలల కాడ డ్రిల్లుతోని బెజ్జాలు వేసుకొని, ఆ బెజ్జం నుంచి బెజ్జానికి కొయ్యి. సూటి మూల నుంచే పగులు మొదలైతది. కోసినంక చాసిస్ ఎంత మందముంటే అంతకు తగ్గని ప్లేటుతోని లోపల బయట కట్టాలె. ప్లేటు కొసలు ఏటవాలుగ కొయ్యి, వెల్డింగ్ గీత చాసిస్‌కు అడ్డంగ ఒకే వరుసల పడొద్దు. 7018 నంబరు వెల్డింగ్ రాడ్డు వాడు, వాడే ముందు పొయ్యిల ఎండబెట్టుకో, తేమ పట్టిన రాడ్డుతోని పగులు పుట్టిస్తవు. బ్యాటరీ తీగలు తీసెయ్యి, డీజిల్ ట్యాంకు దించి దూరం పెట్టు. ఖాళీ ట్యాంకని ఏమరుపాటు ఉండకు, ఖాళీ ట్యాంకుల ఉన్న ఆవిరే ఎక్కువ అంటుకుంటది. ఈ వెల్డింగ్ నీ మొదటి వెల్డింగ్ కావద్దు. పాత కమ్మీల మీద, ప్లేట్ల మీద చెయ్యి తిప్పి, అవి సుత్తెతోని విరగ్గొట్టి లోపల చూసి, మంచిగుందని నాకు చూపించినంకనే చాసిస్ ముట్టు.

హౌజింగ్ మీద కమాన్ సీట్లు మార్చి వెల్డింగ్ చేసేటట్టైతే, ముందు చుక్కలు పెట్టి మాత్రమే అతికించు. బండిని చక్రాల మీద నిలబెట్టి, గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టూ, హౌజింగ్ ముక్కూ ఒకదానికొకటి సమాంతరంగ ఉన్నయా చూడు. లేకుంటే ఆ రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు కొసల ఉన్న క్రాసు కీళ్లు కొన్నాళ్లకే అరుగుతయి, 50 స్పీడు దాటంగనే బండి అంతా వణుకుతది. కోణం సరిపోయినంకనే పూరా వెల్డింగ్, అది గూడ ఈ దిక్కు కొంచెం ఆ దిక్కు కొంచెం. ఒక్క దిక్కే వేడి పెడితే హౌజింగ్ గొట్టం వంగుతది.

ముందట దించినంక స్టీరింగ్ పరీక్ష ఒకటి చెయ్యి. చక్రాలు సూటిగ పెట్టి, ఒకరిని బంపర్ మీద ఎక్కి కిందికి మీదికి ఊపమను. నువ్వు స్టీరింగ్ చక్రం చూడు. ఊపినప్పుడల్లా అది తిరుగుతుంటే, రోడ్డు మీద ప్రతి గుంతకూ బండి పక్కకు గుంజుతది. స్టీరింగ్ నుంచి చక్రాల దిక్కు పోయే కడ్డీ, డ్రాగ్ లింక్, దాని వాలు సరిచెయ్యాలె. ముందు భాగం వెనక కన్న ఎక్కువ దిగితే ఇంకో తిప్పలు వస్తది, వేగంల బండి తొవ్వ పట్టదు, ఊకె సరిచేసుకుంట పోవాలె. కమాన్ కింద ఏటవాలు పలకలు వేసి ఆక్సిల్‌ను జర వెనకకు వంచితే అది సర్దుకుంటది. షాకబ్జర్లు గూడ పొట్టియి కావాలె, పాతయి పూరా నొక్కుకపోయి అడుగుకు కొట్టి నూనె కారుస్తయి.

బ్రేకులు. గొట్టం ఎక్కడా నలగద్దు, చక్రం పూరా తిప్పినా గుంజుకుపోవద్దు. వెనక ఆక్సిల్‌కూ చాసిస్‌కూ నడుమ ఒక చిన్న కడ్డీతోని బ్రేక్ వాల్వు ఉన్నదేమో చూడు. తొట్టిల బరువును బట్టి వెనక బ్రేకుల బలం పెంచేది అది. నువ్వు బండిని దించితే, బరువెక్కిందనుకొని ఎప్పుడూ వెనక బ్రేకులు గట్టిగ పడతయి, వానల వెనక చక్రాలు జారి బండి గుండ్రంగ తిరుగుతది. ఉంటే ఆ కడ్డీని తిరిగి సరిచేయించాలె.

చక్రాల మీద పెద్ద ఖర్చు పెట్టకు. దీనికి అయిదు బోల్టులు, అవి ఉండే గుండ్రని గీత అడ్డం కొలత అయిదున్నర అంగుళాలు. పాత 6.00-16 టైర్లు తీసి 15 అంగుళాల రిమ్ము మీద 215/75 టైర్లు వేస్తే టైరు ఎత్తు 703 మిల్లీమీటర్ల దగ్గర ఉంటది. పాతదానికన్న బండి ఇంకో అర అంగుళం దిగుతది, ఏదీ కొయ్యకుంటనే. అంతకన్న పలుచని టైర్లు వద్దు. స్పీడ్ బ్రేకర్ రూలు ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలె, గని మన ఊర్లల్ల పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటరని ఇంటి ముందట సిమెంటుతోని పోసినయి చూసినవు గద.

ఇగ నువ్వు వినటానికి ఇష్టపడని మాట. 1988 మోటారు వాహనాల చట్టంల 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారుచేసిన దానికి, ఆర్సీల ఉన్నదానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ అదే చెప్పింది. అదే ఏడాది సవరణతోని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమాన, ఆరు నెలల దాక జైలు, రెండూ గూడ పడే తీరు పెట్టిండ్రు. అందుకే రెంచి పట్టే ముందు ఆర్సీ పట్టుకొని ఆర్టీఏ ఆఫీసుకు పో. ఏం చేయదల్చుకున్నవో కాయితం మీద రాసి అడుగు, వాళ్లు ఒప్పుకోనిది రోడ్డు మీదికి తేకు. ఇన్సూరెన్స్ వాళ్లకు గూడ చెప్పు. చెప్పకుంట మార్చిన బండి ఎవరికన్న తగిలితే ఆ మనిషికి నువ్వు ఏం జవాబిస్తవు?

ఇంకొకటి. 50 ఏండ్లు దాటి, అసలు రూపం మారని బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే రూలు 2021ల వచ్చింది. నీ బండి 2041ల ఆ వయసుకు వస్తది, పికప్‌కు ఆ రూలు వర్తిస్తదో లేదో ఆర్టీఏల అడుగు. నేను ఉంటనో లేదో, నువ్వైతే ఉంటవు. అందుకే నా కోరిక, చాసిస్ కొయ్యకు. కమాన్లు సాగగొట్టించు, టైర్లు మార్చు, అంతట ఆపు. రంగు అసలు రంగే వెయ్యి. పాత కమాన్లనే కొట్టించకుంట, దొరికితే ఇంకో జత తెచ్చి వాటిని సాగగొట్టించి, అసలియి గ్రీజు పూసి గోనె సంచిల చుట్టి అటక మీద పెట్టు. అట్లైతే ఎప్పుడన్న బండి మళ్ల మొదటి తీరు నిలబడుతది.

దసరా దాటి వానలు తగ్గినంక మొదలుపెట్టు. మేడారం జాతర ముందు పని నడుమల ఉంచకు, ఆ దినాలల్ల కమాన్ మేస్త్రి దొరకడు, సామాను తెచ్చే బండి కదలదు. తయారైనంక గూడ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోయించకు, దించిన బండి పదిమందికి చూపించుకోటానికే.

వచ్చే ఆయితారం పొద్దుగాల వస్త, నా ఇనుప స్టాండ్లు రెండు జతలు తెస్త. అప్పటిదాక చక్రం విప్పకు. బండి కింద పండుకొని, వెనక కమాన్ ఆక్సిల్ మీదున్నదో కిందున్నదో ఫోటో తీసి పంపు, రబ్బర్ కాడి సందు గూడ టేపు పెట్టి కనబడేటట్టు తియ్యి. మీ అమ్మను జొన్నపిండి జర ఎక్కువ పట్టించమను.

నీ మామ