పాత రెగ్యులేటర్ కొనే ముందు ఫిల్టర్ రంగు చూడండి

ప్రశ్న: నిరుడు వైజాగ్ రుషికొండలో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. ఏడాదికి రెండుసార్లయినా వెళ్లాలని ఆశ. ప్రతిసారీ అన్నీ అద్దెకే. తెలిసినాయన ఒకరు తన పాత రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), బీసీడీ జాకెట్ (గాలి ఊది నీళ్లలో తేలేందుకు వేసుకునేది), సిలిండర్ కలిపి 40 వేలకు ఇస్తానంటున్నారు. తీసుకోమంటారా సార్?
– ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: సిలిండర్ మాత్రం వద్దండి. మామూలు అల్యూమినియం సిలిండర్ ఖాళీగానే 14 కిలోల పైన ఉంటుంది. రైల్లో ఎక్కించనివ్వరు. గాలి నింపి ఉంటే విమానంలోకీ రానివ్వరు. పైగా గడువు ప్రకారం హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష) చేయించాలి. ఊళ్లో ఏదో ఒక కంప్రెసర్‌తో నింపిద్దామన్న ఆలోచన అసలు పెట్టుకోకండి. అందులో కలిసే నూనె ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ నీటి లోతుల్లో మనిషి ప్రాణం తీస్తాయి. సిలిండర్, నడుముకు కట్టే బరువులు ఎక్కడికి వెళ్లినా డైవింగ్ సెంటర్ వాళ్ల దగ్గరే దొరుకుతాయి.

ఇక రెగ్యులేటర్. వీటిని విప్పి సర్వీస్ చేయడమే నా పని కాబట్టి చెబుతున్నా, పైన క్రోమ్ మెరుపు చూసి మోసపోకండి. మసి పూసి మారేడుకాయ చేసిన సరుకు చాలా వస్తుంది. సిలిండర్‌కు బిగించే ఫస్ట్ స్టేజ్ మీద మూత తీసి, టార్చ్ వేసి లోపలికి చూడండి. గాలి లోపలికి వెళ్లే దారిలో చిన్న లోహపు ఫిల్టర్ కనిపిస్తుంది. అది శుభ్రంగా ఒకే రంగులో ఉండాలి. ఆకుపచ్చగా మారి ఉంటే ఉప్పునీళ్లు లోపలికి వెళ్లాయని అర్థం. ఎర్రటి పొడి ఉంటే ఏదో స్టీలు సిలిండర్ తుప్పు, తెల్లటి పొడి అయితే అల్యూమినియంది. ఆకుపచ్చ రంగు కనిపిస్తే ఎంత చవకైనా దండం పెట్టి వచ్చేయండి.

ఫిల్టర్ బాగుంటే ఆ మూత మళ్లీ గట్టిగా బిగించి, గొట్టం రెండో చివరన ఉండే సెకండ్ స్టేజ్ నోట్లో పెట్టుకుని గాలి పీల్చండి. ఏమీ రాకూడదు. వస్తోందంటే డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) చిరిగిందో, ఎగ్జాస్ట్ వాల్వ్ (వదిలిన గాలి బయటికి పోయే కవాటం) సరిగా కూర్చోలేదో. తర్వాత గొట్టాల చివర రబ్బరు తొడుగు వెనక్కి లాగి, గొట్టం వంచి చూడండి. పగుళ్లన్నీ అక్కడే దాక్కుంటాయి.

ఇవన్నీ చూశాక కూడా డబ్బు ఇవ్వకండి. ఆ మోడల్‌కు సర్వీస్ కిట్ (సర్వీస్‌లో మార్చే విడిభాగాలు) ఇంకా దొరుకుతోందా అని ముందు సర్వీస్ సెంటర్‌ను అడగండి. కిట్ దొరకని రెగ్యులేటర్ ఉచితంగా ఇచ్చినా దండగే. గాలి లీకవకుండా వేసే కొన్ని ఓ-రింగులేగా (రబ్బరు రింగులు), ఆటోనగర్‌లో తెచ్చి వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఆటోనగర్ వాళ్ల పనితనం మీద నాకు చాలా గౌరవం. కానీ ఇక్కడ సైజు కుదిరితే చాలదు, రబ్బరు గట్టిదనం కూడా కుదరాలి. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ దాకా ఉంటుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి). ఫస్ట్ స్టేజ్ దాన్ని 10 బార్‌కు అటూఇటూగా దించి నిలకడగా ఉంచాలి. గేజ్ పెట్టి చూసినప్పుడు ముల్లు మెల్లగా పైకి పాకుతోందంటే లోపల గాలిని ఆపే సీటు అరిగినట్టే. అది ఇంట్లో చేసుకునే రిపేరు కాదు.

బీసీడీ పరీక్ష తేలిక. రాత్రి నిండా గాలి ఊది వదిలేయండి. పొద్దున మెత్తబడితే లీకు ఉన్నట్టు.

ఆయన ధరలోంచి సిలిండర్ ఖరీదు, పూర్తి సర్వీస్ ఖర్చు తీసేయమనండి. ఒప్పుకుంటే తీసుకోండి. లేదంటే ముఖానికి సరిపోయే మాస్క్, తర్వాత ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు), ఆ తర్వాత డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపేది) కొనుక్కోండి. రెగ్యులేటర్ వాడినా వాడకపోయినా అందులో రబ్బరు పాతబడుతుంది, సర్వీస్ గడువూ వస్తుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్లేవారు రెగ్యులేటర్ అద్దెకు తీసుకోవడంలో నష్టమేమీ లేదు.

ప్రశ్న: కొత్త మాస్క్ నీళ్లలోకి దిగగానే మసకబారుతోంది. వెట్‌సూట్ (డైవింగ్‌కు ఒంటికి అతుక్కునేలా వేసుకునే రబ్బరు సూట్) ఎండలో ఆరబెట్టవచ్చా?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కొత్త మాస్క్ అద్దం మీద సన్నని పొర ఉంటుందమ్మా. జెల్ కాని తెల్ల టూత్‌పేస్ట్‌తో లోపలి వైపు బాగా రుద్ది కడగండి. ఒకసారితో పోకపోతే మళ్లీ చేయండి. వెట్‌సూట్‌ను మంచినీళ్లలో నానబెట్టి, తిరగేసి, వెడల్పాటి హ్యాంగర్‌కు నీడలో వేలాడదీయండి. గుంటూరు ఎండలో డాబా మీద వేస్తే దాని రబ్బరు, అంటే నియోప్రీన్, త్వరగా పాడవుతుంది. మాస్క్ పెట్టే డబ్బాలో నల్ల రబ్బరు వస్తువులేవీ పెట్టకండి, మాస్క్ అంచుల సిలికాన్ రంగు మారిపోతుంది.